రాయ్ బర్డ్‌సల్ అప్పు తీర్చిన విధం

మా అక్క మొగుడు రాయ్ బర్డ్‌సల్ మహా తెలివైనవాడని మా వీధిలో మొదట నమ్మినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ రాయే. కానీ అతను ఎంత గట్టిగా నమ్మాడంటే, చూసి చూసి మరి కొందరు కూడా నమ్మడం మొదలుపెట్టారు. వాళ్ళలో మా అక్క డోరీన్ ఒకతె. నేను మాత్రం ఏ రోజూ నమ్మలేదు. ఈ మాట ఇప్పుడు చెప్పడం కాదు, అప్పుడే అతని మొహం మీదే చెప్పాను.

హల్ రేవులో మా హెస్సెల్ రోడ్డు ఇళ్ళలో డబ్బు సంచీ ఎప్పుడూ ఆడవాళ్ళ దగ్గరే ఉండేది. మా నాన్న చేపల ఓడ మీద మూడు వారాలు పోయేవాడు, మూడు రోజులు ఇంట్లో ఉండేవాడు. ఆ మూడు రోజులూ జమీందారులా ఖర్చుపెట్టి మళ్ళీ ఓడెక్కేవాడు. ఆయన లేనప్పుడు శుక్రవారం శుక్రవారం కంపెనీ కిటికీ దగ్గర నిలబడి జీతం తెచ్చేది మా అమ్మ. అద్దె, బొగ్గు, బూట్లు అన్నీ ఆమె లెక్కే. మగవాడికి లెక్కలు తెలియవని కాదు, అతను ఊళ్ళో ఉండడు కాబట్టి. రాయ్ మాత్రం జన్మలో ఓడెక్కలేదు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బండి ఇళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో కిటికీలు బిగించేవాడు, సాయంత్రం అయిదున్నరకి ఇంటికి వచ్చేవాడు. రోజూ ఇంట్లో ఉండే మగవాడు కదా, పైగా చేతిరాత ముత్యాల్లా ఉంటుంది కదా అని మా అక్క సంచీ అతని చేతిలో పెట్టింది. మా వంశంలో ఆ పని చేసిన మొదటి ఆడది అదే.

యాభై ఒకటో ఏట ఫ్యాక్టరీవాళ్ళు కొంత సొమ్ము చేతిలో పెట్టి అతన్ని పంపించేశారు. ఇంకో పని వెతుక్కోవచ్చు. వెతకలేదు. "నేనిప్పుడు డబ్బు వ్యవహారాలు చూసుకుంటున్నా" అని చెప్పుకునేవాడు. వచ్చిన సొమ్ముతో ఇంటి వెనక గాజు గది కట్టించాడు. సొమ్ము సగంలో అయిపోతే మిగతా సగం క్రెడిట్ కార్డు మీద కట్టించాడు. ఆరు వేల పౌన్లు. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చుంటే ఉడికిపోతాం, చలికాలంలో గడ్డకట్టిపోతాం. ఏడాదికి పదకొండు రోజులు పనికొస్తుంది, నేను లెక్కపెట్టాను.

ఆ ఆరు వేలకి వడ్డీ పడుతుంటే అతని కంట పడింది సున్నా శాతం. ఒక బ్యాంకు పిలిచింది: ఆ కార్డు మీదున్న నీ అప్పు మా కార్డు మీదికి మార్చుకో, తొమ్మిది నెలలు వడ్డీ అడగం. మార్చాడు. తొమ్మిది నెలలు నిండేలోపు ఇంకో బ్యాంకు అదే మాట చెప్పి పిలిచింది. మళ్ళీ మార్చాడు. మార్చినప్పుడల్లా నూటికి రెండో మూడో రుసుము పట్టుకునేవాళ్ళు, అదీ అప్పులోనే కలిసేది. నిజానికి ఇది చెడ్డ ఉపాయం కాదు. నేను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో ఎల్సీ అనే పిల్ల ఇలాగే ఒక్కసారి మార్చుకుని, ఆ తొమ్మిది నెలలూ పళ్ళు బిగించి నెలనెలా కట్టి బయటపడి, కార్డు కత్తిరించి పారేసింది. దాని గురించి ఎవరూ కథలు చెప్పుకోలేదు, అదీ చెప్పుకోలేదు.

రాయ్‌కి బయటపడటం మీద ధ్యాస లేదు. మార్చడం మీదే ధ్యాస. గాజు గదిలో బల్ల వేసుకుని, రంగు రంగుల పెన్సిళ్ళతో పదమూడు పేజీల పట్టిక గీశాడు. ఏ కార్డు ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు, ఏ తేదీన కనీస మొత్తం కట్టాలి, అన్నీ అందులో ఉండేవి. క్లబ్బులో బీరు గ్లాసు ముందు పెట్టుకుని పాఠం చెప్పేవాడు. వినేవాళ్ళు అతన్ని ప్రొఫెసర్ అని పిలిచేవాళ్ళు. సగం మంది వెక్కిరింతకే అన్నారు గానీ, అతనికి ఆ సగం ఎప్పుడూ వినపడలేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర నన్నూ పట్టుకున్నాడు.

"చూడు పాలీన్. డబ్బు బ్యాంకు వాడిది, వాడుకునేది నేను. వడ్డీ ఎంత? సున్నా!"

"అసలెంత?" అన్నాను.

"అసలు సంగతి ఎవడడిగాడిప్పుడు?"

"నేనేగా అడుగుతున్నా."

"అదిగో, అక్కడే మీరు దెబ్బతినేది. మీ చూపెప్పుడూ అసలు మీదే. బుర్రున్నోడు వడ్డీ చూస్తాడు."

"బుర్రున్నోడు అప్పు తీరుస్తాడు రాయ్. గ్రేవీ ఇలా ఇవ్వు."

డోరీన్ నా కాలు తొక్కింది. "అతని మానాన అతను మాట్లాడుకుంటున్నాడు, నీకెందుకే" అని కళ్ళతోనే చెప్పింది. ముప్పై ఏళ్ళుగా దాని కళ్ళు చెప్పేది అదే.

వడ్డీ లేకపోయేసరికి ఆ అప్పు అతనికి అప్పులా కనపడటం మానేసింది. ఖాళీగా ఉన్న కార్డులు చేతిలో ఉన్నాయి కదా అని గోడంత టీవీ కొన్నాడు. ఆ తర్వాత పెరట్లోకి వేడినీళ్ళ తొట్టి తెచ్చాడు, బుడగలు వచ్చేది. హల్ ఊళ్ళో! నార్త్ సీ గాలికి మా పెరళ్ళలో బట్టలే నిలవవు. అందులో అతనొక్కడే బీరు డబ్బా పట్టుకుని కూర్చునేవాడు, తలకి ఉన్ని టోపీ పెట్టుకుని. మా అక్క ఒక్కసారి కూడా దిగలేదు. పొద్దంతా చన్నీళ్ళలో చేతులు పెట్టే మనిషికి సాయంత్రం నీళ్ళు చూడబుద్ధి కాదు.

అవును, అది చెప్పాలి. డోరీనూ నేనూ చేపల ఫ్యాక్టరీలో ఒకే వరసలో నిలబడేవాళ్ళం. పొద్దున ఆరింటికి మొదలు. కాడ్, హాడక్ చేపలు ఎదురుగా వస్తుంటాయి, ముల్లు తీసి కండ కోసి ట్రేలో పెట్టాలి. చేతి కింద మంచు, కాళ్ళ కింద తడి. ఇరవయ్యో ఏట ఇది పని, యాభయ్యో ఏట ఇది రోగం. మా అక్క కుడిచేతి రెండు వేళ్ళు చలికాలం వస్తే ముడుచుకుని మళ్ళీ తెరుచుకునేవి కావు. బొత్తాలు నేను పెట్టేదాన్ని. ఆడవాళ్ళకి అరవై నిండితే ప్రభుత్వం పింఛను ఇస్తుంది. డోరీన్‌కి 2008 ఫిబ్రవరిలో అరవై నిండుతాయి. ఆ నెల కోసమే బతికింది ఆ మనిషి. అప్పు తీరి ఉంటే ఆ పింఛనుతో ఇల్లు గడుస్తుంది. తీరకపోతే ఇంకో నాలుగైదేళ్ళు మంచులో చేతులు పెట్టాల్సిందే. మాకు తెలిసిన లెక్క ఇంతే.

రాయ్ మాటిచ్చాడు. క్లబ్బులో అందరి ముందు గ్లాసు ఎత్తి ఇచ్చాడు. "డోరీన్ అరవయ్యో పుట్టినరోజు నాటికి నా పేరున ఒక్క పెన్నీ బాకీ ఉండదు!" అన్నాడు. అరచేతిలో వైకుంఠం చూపించడం అతనికి కొత్త కాదు. మా అక్క మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చి క్యాలెండరులో తేదీ చుట్టూ గీత గీసుకుంది.

2007 సెప్టెంబరు నాటికి అసలు తొమ్మిది వేల నాలుగు వందలు. అంతా ఒకే కార్డు మీద ఉంది, దాని తొమ్మిది నెలలు ఆ నెలాఖరుతో అయిపోతాయి. ప్రొఫెసర్ గారు ముందే కొత్త కార్డు తెప్పించి పెట్టుకున్నారు. ఆఖరి వారంలో ఫోన్ చేసి మార్చమన్నారు. ఫోన్లో పిల్ల కుదరదంది.

సంగతేమిటంటే పాత కార్డూ కొత్త కార్డూ ఒకే యజమానివి. పేర్లు వేరు, రంగులు వేరు, ఒకదాని మీద గుర్రం బొమ్మ, ఇంకోదాని మీద దీపస్తంభం. రెండేళ్ళ కిందట గుర్రంవాళ్ళని దీపస్తంభంవాళ్ళు కొనేశారు. తమ జేబులో అప్పుని తమ ఇంకో జేబులోకి వడ్డీ లేకుండా మార్చుకోవడానికి వాళ్ళకేం పిచ్చా? కాగితం వెనకాల సన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. పదమూడు పేజీల పట్టిక గీసినవాడు కాగితం తిరగేసి ఒక్క లైను చదవలేదు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఆపిల్ పై ఇవ్వడానికి వెళ్ళి. ఫోన్లో పిల్ల మీద అరుస్తున్నాడు.

"నేనెవరో తెలుసా నీకు? ఆరేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను! మీ మేనేజర్ని పిలువు!"

ఆ పిల్ల ఏదో నెమ్మదిగా చెప్పింది.

"చదవలేదంటే? చదవడానికి అది కనపడాలి కదమ్మా! చీమ కాలు అంత ఉంది!"

ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "ఏమీ లేదు. చిన్న సాంకేతిక సమస్య" అన్నాడు. మెడ ఎర్రగా కందిపోయింది. నాకు లోపల పండగలా ఉంది, దాచుకోను. తర్వాత అక్క వేళ్ళు గుర్తొచ్చి ఆ పండగ ఆగిపోయింది.

బుద్ధున్నవాడైతే అక్కడ ఆగి, తొట్టీ టీవీ అమ్మి, ఏదో ఒక పని చూసుకుని నెలనెలా కట్టేవాడు. రాయ్ నాలుగు రోజుల్లో ఆరు బ్యాంకులకి దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తు పెట్టినప్పుడల్లా అది రికార్డులో పడుతుందట. ఆరు వరసగా పడితే ఏడోవాడికి అర్థమవుతుంది, వీడు మునిగిపోతున్నాడని. అందులోనూ ఆ సంవత్సరం బ్యాంకులే భయపడి ఉన్నాయి. ఆరుగురూ కాదన్నారు. అక్టోబరు నుంచి నెలకి నూట నలభై పౌన్ల వడ్డీ మొదలైంది. అంటే నెలలో దాదాపు ఒక వారం మా అక్క చేపలు కోసేది ఆ వడ్డీకే. ఆ సంగతి రాయ్ మా అక్కకి చెప్పలేదు. క్లబ్బులో పాఠాలు మాత్రం ఆపలేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం డోరీన్ ఇంటికి వచ్చేసరికి టీ సిద్ధంగా ఉంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అతను టీ పెట్టడం అదే మొదటిసారి. అప్పుడైనా దానికి అనుమానం రావాల్సింది. కళ్ళజోడు ఎక్కడో పెట్టింది, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. రాయ్ దాని ఎదురుగా ఒక కాగితం పెట్టాడు.

"ఇక్కడో సంతకం పెట్టు డోరీన్. ఇన్సూరెన్సుది. నీ పేరు కూడా ఉండాలట."

పెట్టింది. పెన్ను సరిగ్గా పట్టుకోలేక గుప్పిట్లో పట్టుకుని పెట్టిందట. 

ఫిబ్రవరిలో శనివారం మధ్యాహ్నం క్లబ్బు మేడ మీద గదిలో విందు. మా వరసలో పనిచేసే ఆడవాళ్ళంతా వచ్చారు. మా సూపర్‌వైజర్ గోర్డన్ కూడా భార్యతో వచ్చాడు. హామ్ శాండ్‌విచ్‌లు, పోర్క్ పైలు, వేడి ప్యాటీలు. డోరీన్ నీలం గౌను వేసుకుంది. ముందురోజుతో దాని పని అయిపోయింది, కత్తి అప్పజెప్పి వచ్చింది. పొద్దున్నించీ నవ్వుతూనే ఉంది, అలా నవ్వగా నేను చూసి ఎన్నేళ్ళయిందో.

కేకు కోసే ముందు రాయ్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు.

"మిత్రులారా! నేనొక మాటిచ్చాను, మీకు గుర్తుంటుంది. ఇది బ్యాంకు వాళ్ళ ఉత్తరం. చదువుతున్నా వినండి. శ్రీ ఆర్. బర్డ్‌సల్. బకాయి: సున్నా పౌన్లు, సున్నా పెన్నీలు!"

చప్పట్లు కొట్టారు. బల్లలు చరిచారు. "ప్రొఫెసర్!" అని ఎవరో అరిచారు. డోరీన్ రెండు చేతులతో మొహం మూసుకుని ఏడ్చింది, సంతోషంతో. నాకూ కళ్ళు తడయ్యాయి, ఆ మనిషి విషయంలో జీవితంలో ఒకే ఒక్కసారి. కానీ మా అమ్మ కూతుర్ని కదా, సెప్టెంబరులో తొమ్మిది వేల నాలుగు వందలు ఉన్నది ఆ రోజు అతను ఫోన్లో చెప్తుంటే విన్నాను. ఈ మనిషి ఏ పనీ చెయ్యలేదు, ఏదీ అమ్మలేదు.

"రాయ్," అన్నాను, "మరి ఆ డబ్బు ఎక్కడికి పోయింది?"

"ఏ డబ్బు?"

"తొమ్మిది వేల నాలుగు వందలు. ఎవరు కట్టారు?"

"కట్టడమేంటి పాలీన్, పిచ్చిదానా. మార్చాను!" నవ్వాడు. అందరి వైపూ చూశాడు, తన ఉపాయం చెప్పే అవకాశం దొరికినందుకు మొహం వెలిగిపోయింది. "నా పేరు మీద ఎవడూ ఇవ్వట్లేదు. సరే, ఇంట్లో ఇంకో పేరుంది కదా! డోరీన్ రికార్డు కడిగిన ముత్యంలా ఉంది, ఒక్క కార్డు కూడా లేదు. మొత్తం దాని మీదికి మార్చేశా. తొమ్మిది నెలలు, సున్నా శాతం!"

ఒకరిద్దరు చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. గోర్డన్ భార్య శాండ్‌విచ్ తీసి పళ్ళెంలో పెట్టేసింది.

డోరీన్ మొహం మీంచి చేతులు తీసింది. "ఇన్సూరెన్సు అన్నావు" అంది.

"ఆ, అంటే, ఒక రకంగా ఇన్సూరెన్సే కదా..."

"నా జీతమెంతో నీకు తెలుసు. ఆ జీతానికి తొమ్మిది వేలు ఎవడిచ్చాడు?"

రాయ్ గొంతు తగ్గించాడు. "కొంచెం ఎక్కువ రాశాలే. అందరూ రాస్తారు."

"ఎంత?"

"రెండింతలు."

దాని మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుని గోర్డన్ వైపు తిరిగింది.

"గోర్డన్, నా చోటులో ఎవర్నైనా పెట్టావా?"

పాపం గోర్డన్ మంచివాడు. లేచి నిలబడ్డాడు. "లేదమ్మా డోరీన్. ఎవర్నీ పెట్టలేదు. నువ్వు వస్తానంటే సోమవారమే..."

అక్కడున్న ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు. రాయ్ ఊపిరి వదిలాడు. అది నేను చూశాను, బాగా చూశాను. గండం గడిచినట్టు ఊపిరి వదిలి గ్లాసు అందుకున్నాడు. అతన్ని ఎప్పటినుంచో చులకనగా చూస్తున్నాను గానీ, అసహ్యించుకున్నది మాత్రం ఆ క్షణంలోనే.

"నాక్కాదు," అంది డోరీన్. "ఇతనికి."

"ఎవరికి?" అన్నాడు రాయ్.

"యాభై ఏడేళ్ళు. మోకాళ్ళు బాగున్నాయి, చూపు బాగుంది, చేతులు ఎప్పుడూ వాడలేదు కాబట్టి కొత్తగా ఉన్నాయి. పొద్దున ఆరింటికి వస్తాడు. తీసుకుంటావా?"

"డోరీన్, తమాషాలు చాలు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నీ అప్పు నా పేరు మీదికి మార్చావు. నా పని నీ పేరు మీదికి మారుతోంది. నెలకి ఆరు వందలు కడితే ఏడాదిన్నరలో తీరుతుంది. తొమ్మిది నెలలు వడ్డీ లేదంటున్నావుగా, ఆలస్యం చెయ్యకు."

"నా నడుము సంగతి నీకు తెలుసు కదా! నిలబడే పని నా వల్ల ఎక్కడవుతుంది?"

"సరే. అయితే సోమవారం పొద్దున నేనే ఆ బ్యాంకుకి వెళ్తాను. ఆ కాగితం మీద అంకెలు ఎవరి చేతిరాతో చూపిస్తాను. ముత్యాల్లా ఉంటుంది నీ రాత, పోల్చుకోవడం కష్టం కాదు."

రాయ్ చుట్టూ చూశాడు, ప్రొఫెసర్ అని పిలిచే వాళ్ళలో ఎవరైనా నోరు విప్పుతారేమోనని. ఒకాయన బూటు లేసు కట్టుకుంటున్నాడు. గోర్డన్ గొంతు సవరించుకుని, "ఆరింటికి అంటే అయిదూ యాభైకి గేటు దగ్గరుండాలి రాయ్. బూట్ల సైజెంత?" అన్నాడు.

"తొమ్మిది," అన్నాడు రాయ్, చాలా చిన్న గొంతుతో.

డోరీన్ కేకు కోసింది. అందరికీ పంచింది, అతనికి కూడా.

సోమవారం వచ్చాడు. రాడనుకున్నాను, వచ్చాడు. జుట్టు మీద వల టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తెల్ల ఏప్రన్. నా పక్కనే నిలబెట్టారు. కత్తి ఎలా పట్టుకోవాలో నేనే చూపించాను. మొదటి గంటలో ఎల్సీకి సున్నా శాతం గురించి చెప్పబోయాడు, అది తన ట్రే నింపుకుని ముందుకు జరిగిపోయింది. రెండో గంటలో మాట్లాడటం మానేశాడు. పదింటికి విరామం గంట కొట్టారు. బెంచీ మీద కూర్చుని టీ కప్పు పట్టుకోబోయాడు, వేళ్ళు మూసుకోలేదు. రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తాడు. చేతులు ఉడికించిన పీతల్లా ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసుకున్నాడు.

"పాలీన్," అన్నాడు. "ఇది ఎన్నాళ్ళు చేసింది తను?"

"ముప్పై ఒక్క ఏళ్ళు" అన్నాను.

కప్పు బెంచీ మీద పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడవడానికి చూశాడు. నాకు జాలి కలిగిందా అంటే కలగలేదు. మళ్ళీ గంట కొట్టారు, లేచి లోపలికి వెళ్ళాం. మధ్యాహ్నం నేను అక్కకి ఫోన్ చేశాను, ఎలా ఉన్నావని. నిద్ర గొంతుతో పలికింది. పదకొండున్నరకి లేచిందట.